ఇటుకల కింద గది

బర్న్‌లీ ఊళ్ళో సగం కిటికీలు లోర్నా ఆర్మరాడ్ కొలిచినవే. బడి వదిలిన ఏడాదే కర్టెన్ల షాపులో చేరింది, నలభై దాటినా అక్కడే ఉంది. మెడలో టేపు, చంకలో మడత నిచ్చెన, చెవి వెనక పెన్సిలు. ఎవరు పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి, కిటికీ ముందు నిచ్చెన వేసుకుని పైనా కిందా కొలిచి, వాళ్ళు పోసిన టీ సగం తాగి వచ్చేసేది. ఎవరింట్లోనూ కూర్చునేది కాదు.

ఆమె ఉండే అద్దె ఇంట్లో మాత్రం కర్టెన్లు లేవు. గోడకు మేకు కొట్టకూడదని ఇంటివాళ్ళ షరతు. పడకగది కిటికీకి పాత దుప్పటి ఒకటి బట్టల క్లిప్పులతో తగిలించి ఉండేది. అంతకు ముందు ఉన్న ఇంట్లోనూ అంతే, దానికి ముందు ఇంట్లోనూ అంతే. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఏ ఇంటివాళ్ళతోనూ ఏడాది పడేవాడు కాదు. బడి నుంచి వచ్చేసరికి వాన తుంపర్లో, గుమ్మం బయట కుర్చీలూ పరుపులూ ఉండటం లోర్నా ఎన్నిసార్లో చూసింది. ఆ చూపు ఆమెను వదల్లేదు. ఎవరైనా తలుపు తడితే ముందు ఊపిరి బిగబట్టేది, తరువాతే లేచేది.

ఆ జనవరిలో ఇంటివాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఇల్లు అమ్మేస్తున్నారట, వేసవి మొదలయ్యేలోగా ఖాళీ చెయ్యమన్నారు. అద్దెలు చూస్తే ఆమె జీతానికి అందేలా లేవు. మిగిలింది ప్రెస్టన్‌లో అక్క ఇంట్లో సామాన్ల గది. అక్కడికి వెళ్తే షాపు వదులుకోవాలి. ఇరవై ఏళ్ళుగా కూడబెట్టింది కొంతా, అమ్మ పోయినప్పుడు చేతికొచ్చింది కొంతా ఉంది. మిగతాది అప్పిస్తామని బ్యాంకు ఒప్పుకుంది. ఆ డబ్బుకి సరిపోయే ఇల్లు ఊరంతా వెతికితే ఒక్కటి దొరికింది. కొండవాలు మీద గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్ళ వరసలో చివరి నుంచి రెండోది.

"తొంభై అయిదు అడుగుతున్నారు కదా, నువ్వు ఎనభై ఏడు అను. అనేసి నోరు మూసుకో," అంది షెనాజ్.

షెనాజ్ షాపులో బట్ట కత్తిరిస్తుంది. లోర్నాకు ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు.

"వాళ్ళేమీ అనకపోతే?"

"అనకపోతే నువ్వూ అనకు. ముందు ఎవరు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. మా ఆయన యూసుఫ్ కారు కొన్నప్పుడు అమ్మేవాడూ తనూ ఎంతసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారో తెలుసా? మధ్యలో టీలు కూడా తాగారు."

లోర్నా బట్ట కత్తిరించే బల్ల మీద మోచేతులు ఆనించి, ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు కైరన్‌కి ఫోన్ చేసింది. ఎనభై ఏడు వేల పౌండ్లు ఇస్తానంది. అవతల కైరన్ "ఊఁ" అని ఊరుకున్నాడు. ఏదో టైపు చేస్తున్న చప్పుడు. ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

"అంటే... ఎనభై తొమ్మిది కూడా ఇవ్వగలను," అంది లోర్నా.

షెనాజ్ నుదురు కొట్టుకుంది. వేళ్ళకున్న నీలం సుద్ద నుదుటికి అంటుకుంది.

"అలాగా," అన్నాడు కైరన్. మళ్ళీ నిశ్శబ్దం.

"మరీ కావాలంటే తొంభై..."

షెనాజ్ ఫోన్ లాక్కునేలోపే "ఒకటి" అనే మాట కూడా బయటపడిపోయింది. సాయంత్రానికల్లా కైరన్ ఫోన్ చేసి, అమ్మే పెద్దాయన తొంభై ఒకటికి సంతోషంగా ఒప్పుకున్నాడని చెప్పాడు.

"సంతోషించడా మరి," అంది షెనాజ్. "నీ మీద నువ్వే వేలం పాడుకున్నావు కదే. అతను పాపం నోట్లో బిస్కెట్టు పెట్టుకుని ఉంటాడు, మాట్లాడలేక ఊరుకున్నాడు."

ధర కుదిరిందన్న మాటే గానీ, ఆ దేశంలో కుదిరిన ధరకు విలువ లేదు. సంతకాలు పెట్టిన కాగితాలు ఇద్దరి లాయర్లూ మార్చుకునే దాకా ఎవరి మాటా మాట కాదు. అమ్మేవాడు మరొకరికి అమ్ముకోవచ్చు, కొనేవాళ్ళు ఆఖరి రోజున తప్పుకోవచ్చు, ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి లోర్నాకు తిండి సహించడం మానేసింది.

రెండోసారి ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు తలుపు తీసింది ఇల్లుగలాయన విల్ఫ్ హార్‌గ్రీవ్స్. ఎనభై దాటిన మనిషి, మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. భార్య డోరీన్ పోయి చాలా ఏళ్ళయింది. మెట్లు ఎక్కడం కష్టమై, పెద్దవాళ్ళ కోసం కట్టిన ఒక ఫ్లాటు చూసుకున్నాడు.

"కిటికీలు కొలుచుకో అమ్మాయ్, నీ పనే కదా," అన్నాడు. "డోరీన్ కర్టెన్లు కూడా మీ షాపులోవే. ఎవరు కొలిచారో గానీ అంగుళం పొట్టి."

"నేను కాదండీ," అంది లోర్నా, తనే అయినట్టు భయపడుతూ.

మేడ మీద వెనక గది ఆమెకు నచ్చింది. దక్షిణం వెలుతురు, కిటికీలోంచి కొండ. పాత ఇళ్ళలో ప్రతి గదిలోనూ గోడలోంచి ముందుకు పొడుచుకుని ఉండే పొగగొట్టం దిమ్మె ఈ గదిలో లేదు. గోడ నున్నగా, వెడల్పుగా ఉంది. ఆ గోడకు తల ఆనేలా విల్ఫ్ మంచం వేసుకున్నాడు.

"ఆ దిమ్మె నేనే కొట్టేశాను," అన్నాడు విల్ఫ్. "డోరీన్‌కి నడుం పడిపోయాక ఆస్పత్రి మంచం వెయ్యాల్సొచ్చింది. దిమ్మె ఉంటే మంచం తిరగదు. ఆదివారం మొదలుపెట్టి, మళ్ళీ ఆదివారానికి పూర్తి చేశాను."

లోర్నా తల ఊపింది. అప్పుడు దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

ఆలోచించింది సర్వేయరు హోల్డెన్. ఇల్లు కొనేముందు గోడలూ కప్పూ పరీక్షించి చెప్పడానికి లోర్నా పెట్టుకున్న మనిషి. ఆయన ఫోన్ చేసినప్పుడు ఆమె ఎవరింటి ముందో షాపు వ్యానులో కూర్చుని శాండ్‌విచ్ తింటోంది.

"మిస్ ఆర్మరాడ్, మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు," అని మొదలుపెట్టాడు.

ఆ మాటతోనే లోర్నా నోట్లో ముద్ద ఆగిపోయింది.

"వెనక పడకగదిలో దిమ్మె తీసేశారు కదా. కింద తీసేశారు గానీ పైన ఉంది. అటకలో ఉంది, కప్పు దాటి బయటికీ ఉంది. అన్నీ ఇటుకలే. ఓ పెద్ద కారంత బరువు ఉండొచ్చు. దాన్ని ఇప్పుడు ఏది మోస్తోందో నాకు కనబడలేదు."

"కనబడలేదంటే?"

"చుట్టూ చెక్కలు బిగించేశారు. నేను విప్పి చూడకూడదు, ఇల్లు వాళ్ళది. మంచి ఇనుప దూలమే ఉండి ఉండొచ్చు."

"లేకపోతే?"

"ఇన్నేళ్ళూ నిలబడిందిగా," అన్నాడు. "అంతకన్నా నేను చెప్పలేనండీ."

ఆ రోజు లోర్నా కొలిచిన కిటికీలన్నీ తప్పే కొలిచింది. ప్రతి ఇంట్లోనూ ముందు పైకప్పు వంక చూసేది. మరునాడు భోజనాల వేళ, వ్యానులోనే, కౌన్సిల్ ఆఫీసుకి ఫోన్ చేసింది. కట్టడాల విభాగంలో ఓ మర్యాదగల ఆడగొంతు పలికింది. ఫలానా ఇంట్లో దిమ్మె తీయడానికి అనుమతి తీసుకున్నారా అని లోర్నా అడిగింది. ఆ గొంతు అడగగానే ఇంటి నంబరూ వీధీ చెప్పింది. అడక్కపోయినా తన పేరు చెప్పి, ఇంటిపేరు అక్షరం అక్షరం విడదీసి మరీ చెప్పింది.

"అలాంటి అనుమతేమీ మా దగ్గర కనబడటం లేదమ్మా. మేం రాసుకుంటాం," అంది ఆ గొంతు.

మంచి పనే చేశాననుకుంది లోర్నా. సాయంత్రం ఆమె లాయరు ఫిలిప్పా డన్ ఫోన్ చేసింది.

"సర్వే చూశాను. కంగారు పడకండి, ఈ ఊళ్ళో రెండు ఇళ్ళకొకటి ఇలాంటిదే. దీనికి ఒక చిన్న బీమా ఉంటుంది, అమ్మేవాళ్ళ చేతే కట్టిస్తాం. షరతు ఒక్కటే. కౌన్సిల్ చెవిన పడకూడదు. ఎవరూ ఫోన్ కూడా చెయ్యకూడదు. చేశారా, ఇక ఆ బీమా ఎవరూ ఇవ్వరు. బీమా లేకపోతే మీ బ్యాంకు అప్పివ్వదు."

లోర్నా చేతిలో ఫోన్ వేడెక్కినట్టనిపించింది.

"ఆ బీమా ఉంటే ఇటుకలు పడవా అండీ?" అంది.

ఫిలిప్పా చిన్నగా నవ్వబోయి ఆగిపోయింది. "బీమా ఇటుకల గురించి కాదండీ. రేపు కౌన్సిల్ వాళ్ళు వచ్చి ఈ పని చెల్లదంటే, ఆ ఖర్చు గురించి."

"ఇటుకల గురించి మరి?"

"ఇటుకల గురించి సర్వేయర్ని అడగాలి."

సర్వేయరు చెప్పలేనన్నాడు. లోర్నా "సరేనండీ" అని ఫోన్ పెట్టేసింది. తను చేసింది చెప్పలేకపోయింది.

"నోరెత్తకు," అంది షెనాజ్ మరునాడు, విషయం విని. "ఆఫీసుల్లో ఎవరో ఏదో రాసుకుంటారు, కాగితం ఎక్కడో పడి ఉంటుంది. ఎవరు చూడొచ్చారు?"

"నా పేరు చెప్పాను."

"పేరెందుకు చెప్పావే?"

"చెప్పకపోతే బాగుండదని."

షెనాజ్ కత్తెర కింద పెట్టి ఆమె వంక చూసింది. తిట్టడానికి కూడా మనసొప్పలేదు.

రెండు రోజులు లోర్నా దాన్ని కడుపులో పెట్టుకు తిరిగింది. కళ్ళు మూసుకుంటే రెండు కనిపించేవి. ఒకటి, వాన తుంపర్లో బయట పెట్టిన పరుపు. రెండోది, నెత్తి మీద చీకట్లో, దేని మీద నిలబడిందో తెలియని ఇటుకల దిమ్మె. చెబితే మొదటిది నిజమవుతుంది. చెప్పకపోతే రెండోదాని కింద బతకాలి, పైగా అబద్ధం మీద సంతకం పెట్టి. బీమా కాగితం రానే వచ్చింది. కౌన్సిల్‌ని ఎవరైనా సంప్రదించారా అన్న ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. ఫోన్ చేస్తే నోరు పెగలదని తెలుసు గనక, లేచి ఫిలిప్పా ఆఫీసుకి నడిచి వెళ్ళి, గుమ్మంలో నిలబడే చెప్పేసింది.

ఫిలిప్పా తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నిజాయితీపరులతో మాకు ఇదే తంటా," అంది అలసటగా. "కూర్చోండి. ఇక దారి ఒక్కటే. గది కప్పు విప్పి చూపించి, సరిగా ఉంటే కౌన్సిల్ చేతే కాగితం తీసుకోవాలి. దానికి ఇల్లుగలాయన ఒప్పుకోవాలి. ఆయనెందుకు ఒప్పుకుంటారు?"

కైరన్ అంత మెత్తగా లేడు.

"లోర్నా గారూ, మీరు ఇల్లు కొనడానికి వచ్చారా, మూయించడానికి వచ్చారా?" అన్నాడు ఫోన్లో. "ఇప్పుడు మీరే కాదు, బ్యాంకు అప్పు మీద ఎవరూ ఆ ఇల్లు కొనలేరు. ముసలాయన ఫ్లాటు నెలాఖరు దాకే ఆపుతారట. స్టాట్ అని ఒకాయన ఉన్నాడు, ఇళ్ళు కొని గదులుగా అద్దెకిస్తాడు. రొక్కం పట్టుకు కూర్చున్నాడు. సర్వే వద్దు, బ్యాంకు వద్దు, ఎనభై అయిదుకి రేపే కొంటానంటున్నాడు. మీరు దయచేసి ఆ ముసలాయన దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అన్నీ మా ద్వారానే జరగాలి."

ఆదివారం మధ్యాహ్నం లోర్నా విల్ఫ్ ఇంటి తలుపు తట్టింది. జీవితంలో మొదటిసారి తలుపుకి ఇవతల నిలబడి ఊపిరి బిగబట్టింది.

విల్ఫ్ టీ పెట్టాడు, అల్లం కేకు కోశాడు. ఆమె కేకు ముట్టుకోకుండా, తల దించుకుని, జరిగిందంతా చెప్పింది. ఆయన కేకు కోసిన కత్తి పక్కన పెట్టాడు.

"కౌన్సిల్‌కా," అన్నాడు చివరికి. "నన్నడిగితే సరిపోయేది కదమ్మా. ఇక్కడే ఉన్నానుగా నేను."

"మిమ్మల్ని కలవొద్దన్నారండీ."

"ఎవరు, ఆ మొనబూట్ల ఏజెంటు కుర్రాడా? నా ఇంట్లోకి ఎవరు రావాలో అతను చెబుతాడా?" ఆయన గొంతులో కోపం కన్నా చిన్నబోవడం ఎక్కువగా ఉంది. "ఏం, ఇల్లు కూలుతుందనుకున్నావా?"

"దాన్ని ఏది మోస్తోందండీ?"

విల్ఫ్ ముఖం కాస్త వెలిగింది. "మా అమ్మ మంచం."

లోర్నాకు అర్థం కాలేదు.

"పాతకాలపు ఇనప మంచం. దాని పక్క కమ్మీలు రెండూ కోసి, రెండు కొసలూ గోడల్లోకి దింపి, పైన మిగిలిన దిమ్మెని వాటి మీద నిలబెట్టాను. మిల్లులో నా చేతి కింద నూరు మగ్గాలు ఉండేవి. ఇనుము సంగతి నాకు తెలుసు."

ఇద్దరూ మేడ మీదికి వెళ్ళారు. విల్ఫ్ మంచం ఆ గోడకే ఉంది. దిండు మీద ఆయన తల చేసిన గుంట అలాగే ఉంది. ఆ గుంట నుంచి లోర్నా చూపు నేరుగా పైకి పోయింది. తెల్లటి కప్పు. దాని మీద వెంట్రుకంత పగులు ఒకటి, రంగు వేసి కప్పినా కనిపిస్తోంది. ఆమె గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేకపోయింది.

"విల్ఫ్ గారూ, మీరు ముందు గదిలో పడుకోండి."

"ముందు గదిలో వీధి గోల. నాకు నిద్ర పట్టదు."

"నేను ఈ ఇల్లు కొనకపోయినా ఫరవాలేదు. మీరు స్టాట్ గారికే అమ్ముకోండి. కానీ ముందు ఇది ఒక్కసారి విప్పించి చూడండి. మా షెనాజ్ వాళ్ళాయన తాపీ మేస్త్రీ, ఊరికే చూసి పెడతాడు."

ఆ మాట అనేశాక, తనే ఇల్లు చేజార్చుకుంటున్నానని ఆమెకు తెలిసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

విల్ఫ్ ఒకసారి కప్పు వంక చూశాడు. "సరే, రమ్మను," అన్నాడు. "నా పనితనం చూసైనా నీకు ధైర్యం వస్తుంది."

బుధవారం పొద్దున యూసుఫ్ వచ్చాడు. పొడుగ్గా, గొంతు పెద్దదిగా, చేతికన్నా నోరు ఎక్కువ పనిచేసే మనిషి. మంచం గదిలో ఓ మూలకి లాగి, నేల మీద గుడ్డ పరిచి, నిచ్చెన ఎక్కాడు. విల్ఫ్ మంచం మీద కూర్చుని అన్నీ గమనిస్తున్నాడు. లోర్నా గుమ్మంలో నిలబడింది.

"ఈవిడ నాలుగు రోజుల నుంచి మా ఇంట్లో కూడా కప్పు చూస్తోంది పెద్దాయనా," అన్నాడు యూసుఫ్, రంపంతో కప్పు పలక కోస్తూ. "అన్నం పెడితే పళ్ళెం వంక చూడదు. మా ఆవిడ వంట బాగాలేక దేవుణ్ణి తల్చుకుంటోందేమో అనుకున్నాను."

విల్ఫ్ నవ్వాడు. పలక ఊడొచ్చింది. పాత మసి జలజలా రాలింది. యూసుఫ్ దగ్గుకుంటూ టార్చి వేసి, తల లోపల పెట్టాడు.

"ఆహా, మంచమే. కోళ్ళు కూడా ఉంటే మా అత్తగార్ని ఇక్కడే పడుకో..."

మాట మధ్యలో ఆగిపోయింది. టార్చి వెలుగు ఒక చోట నిలిచిపోయింది. కాసేపటికి అతను తల బయటికి తీశాడు, చాలా నెమ్మదిగా. నిచ్చెన దిగాడు, మెట్టు మెట్టుకీ ఆగుతూ. మాట్లాడినప్పుడు అది యూసుఫ్ గొంతులా లేదు.

"పెద్దాయనా, లేచి బయటికి నడవండి. మెల్లగా. లోర్నా, ఆయన చెయ్యి పట్టుకో. తలుపు వెయ్యొద్దు. ఏ తలుపూ వెయ్యొద్దు."

మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టూ కిర్రుమంది. ప్రతి చప్పుడుకీ లోర్నా కళ్ళు మూసుకుంది. తన చేతిలో విల్ఫ్ చెయ్యి తేలిగ్గా, చల్లగా ఉంది. వీధిలో లారీ ఒకటి పోయింది, అల్మారాలో టీ కప్పులు గలగలమన్నాయి. ఇద్దరూ ఉన్నచోటే ఆగిపోయారు, లారీ మలుపు తిరిగేదాకా.

యూసుఫ్ వీధిలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. అతని మనుషులు ఇద్దరు ఇనప గుంజలు తెచ్చారు. ఆ గుంజలు కిందా మీదా బిగించి, బరువు వాటి మీదికి దించేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు కూడా అతను ఇద్దర్నీ వంటింట్లోకి తీసుకొచ్చి, చేతులు కడుక్కుని గానీ చెప్పలేదు.

"ఒక కమ్మీ బాగానే ఉంది. రెండోదాని కొస గోడలోంచి బయటికి జారింది. గోడ అంచున ఇంత ఆని ఉంది," అని బొటనవేలి గోరు చూపించాడు. "అది వంగుతూ వచ్చినట్టుంది, ఏళ్ళ తరబడి. అంతకన్నా నన్నడక్కండి."

విల్ఫ్ ఆ గోరు వంకే చూస్తూ కూర్చున్నాడు. యూసుఫ్ మళ్ళీ పైకి వెళ్ళిపోయాక నోరు విప్పాడు.

"పొద్దున దాని కిందే లేచాను."

లోర్నా టీ పోసి ఆయన ముందుకి జరిపింది.

"నా సంగతి సరే. డోరీన్ నాలుగేళ్ళు పడుకుంది దాని కింద. తనంతట తను పక్కకి కూడా ఒత్తిగిలలేదు. అప్పుడప్పుడూ పైన టిక్కుటిక్కుమంటోంది విల్ఫ్ అనేది. ఎలకలు లేవే అనేవాణ్ణి." ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "ఎలకలు అన్నాను నేను."

టీ చల్లారిపోయింది. గోడ మీది ఫోన్ మోగింది. విల్ఫ్ లేచి తీసుకున్నాడు. కైరన్ గొంతు పెద్దది, బల్ల దాకా వినిపిస్తోంది. వీధిలో వాళ్ళు చెప్పారు, కప్పు విప్పారట కదా, స్టాట్ గారు అయినా వెనక్కి తగ్గలేదు, ఎలా ఉందో అలాగే ఎనభై అయిదుకే తీసుకుంటారు, శుక్రవారానికల్లా తేల్చేద్దాం, ఆ మేస్త్రీతో మళ్ళీ మూసెయ్యమని చెప్పండి అంటున్నాడు.

లోర్నా తన చేతులు తొడల కింద పెట్టుకుంది. నెలాఖరుకి ఆయన ఫ్లాటు పోతుంది. ఇనప దూలం వేయించి, కౌన్సిల్ కాగితం తెచ్చుకునేసరికి వారాలు పడుతుంది. స్టాట్‌కి అవుననడానికి ఆయనకి అన్ని కారణాలూ ఉన్నాయి. తను కొనకపోయినా ఫరవాలేదని ఆమే అంది.

"మూసేస్తే కనబడదు, అంతేగా బాబూ?" అన్నాడు విల్ఫ్ ఫోన్లో.

అవతల ఏదో అన్నారు.

"కనబడలేదు కాబట్టే నేను నిద్రపోయాను ఇన్నాళ్ళూ. ఆయన ఆ గదిలో ఎవర్ని పడుకోబెడతాడు? ఇద్దర్నా, ముగ్గుర్నా?"

ఫోన్ పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. కేకు డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఇదిగో అమ్మాయ్. దూలం ఖర్చు నాది. నువ్వు ఎనభై తొమ్మిది ఇయ్యి."

లోర్నా పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. విల్ఫ్ ఆగి చూశాడు.

"సరే, ఎనభై ఎనిమిది."

ఆమె ఇంకా మాట్లాడలేదు.

"బేరం బాగానే ఆడతావే నువ్వు. ఎనభై ఏడున్నర, అంతకన్నా దిగను."

"వద్దండీ," అంది లోర్నా, ఏడుపు గొంతుతో. "నేను బేరమాడట్లేదు. మాట రాక ఊరుకున్నాను. మీరు మొదట అన్నదే ఇస్తాను."

విల్ఫ్ ఆమె వంక వింతగా చూశాడు. ఆ రోజు మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లాంటిదొకటి కదిలింది. "మీ షాపులో గిరాకీలకి నువ్వు చెప్పకపోవడమే మంచిది ధరలు," అన్నాడు. చివరికి ఎనభై ఎనిమిదికి ఇద్దరూ తలలూపారు. షెనాజ్ విని, ఎనభై ఏడున్నరకే ఎందుకు ఒప్పుకోలేదని వారం రోజులు సణిగింది.

అయినా అది వంటింటి బల్ల మీది మాటే. ఆ తరువాతి వారాలు లోర్నాకు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. విల్ఫ్ ఫ్లాటు వాళ్ళు గడువు పెంచుతామని గట్టిగా చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. ఆయన కింద సోఫాలో పడుకుంటున్నాడు, నడుం పట్టేసింది. కైరన్ ఇద్దరితోనూ పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. స్టాట్ కారు రెండుసార్లు ఆ వీధిలో ఆగిందని యూసుఫ్ చెప్పాడు. ఫోన్ మోగితే, ముసలాయన మనసు మార్చుకున్నాడని చెప్పడానికే అనుకునేది లోర్నా. మోగకపోతే, అది చెప్పలేక ఊరుకున్నారనుకునేది. అద్దె ఇంట్లో సామాను అట్టపెట్టెల్లో సర్ది, వాటి మధ్య నడిచే దారి వదిలి పడుకునేది. ఆ పెట్టెలు ప్రెస్టన్‌కో, కొండవాలు ఇంటికో ఆమెకు తెలియదు. పైన ఏ వూరి పేరూ రాయలేదు.

ఇనప దూలం వచ్చింది. కౌన్సిల్ నుంచి ఒకావిడ వచ్చింది. లోర్నా ఫోన్లో విన్న గొంతే. దూలం చూసి, పక్కన పడేసిన మంచం కమ్మీలు చూసి, విల్ఫ్ వంక ఒకసారి చూసింది. ఏమీ అనకుండా రాసుకుని వెళ్ళింది. కాగితం పోస్టులో వచ్చింది.

ఫిలిప్పా ఫోన్ చేసిన మధ్యాహ్నం లోర్నా ఎవరో టీచరుగారి ముందు గదిలో నిచ్చెన మీద ఉంది. ఒక చేత్తో టేపు పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసింది.

"కాగితాలు మార్చుకున్నామండీ," అంది ఫిలిప్పా. "ఇప్పుడే. ఇక ఆయనా వెనక్కి పోలేరు, మీరూ పోలేరు."

"నేనూ పోలేనా?"

"మీరు కూడా."

లోర్నా నిచ్చెన దిగలేదు. దిగితే పడిపోతానేమో అనిపించింది. ఇన్నాళ్ళూ ఇల్లు దక్కదేమోనన్న భయం ఒక్కటే తెలుసు ఆమెకు. అది పోయింది. దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది, ఇంకా పెద్దది, పేరు లేనిది. టీచరుగారు కింద నుంచి, "కొలత కుదరలేదా?" అని అడిగింది. "కుదిరిందండీ," అంది లోర్నా. రాసుకున్న అంకె చూస్తే ఆ కిటికీ గోడ కన్నా వెడల్పుంది.

తాళంచెవి తీసుకున్న రోజు ఇల్లు ఖాళీగా, విల్ఫ్ పైపు పొగాకు వాసనతో ఉంది. వంటింటి బల్ల మీద కేకు డబ్బా ఒకటి వదిలి వెళ్ళాడు. పెరట్లో గోడకి ఆనించి ఆ రెండు కమ్మీలున్నాయి. ఒకటి నిటారుగా, ఒకటి విల్లులా.

లోర్నా టేపు మెడలో వేసుకుని మేడ మీద వెనక గదిలోకి వెళ్ళింది. గుమ్మం దగ్గర కాసేపు ఆగింది. కప్పు కొత్తగా, తెల్లగా, పగుళ్ళు లేకుండా ఉంది. దాని వెనక దూలం ఉందని తన కళ్ళతో చూసింది. యూసుఫ్ దాన్ని పట్టుకుని వేలాడి చూపించాడు కూడా. అయినా ఆమె జేబులోంచి బట్ట మీద గీసే నీలం సుద్ద తీసింది. పైన దిమ్మె ఎంత మేర ఉందో అంచనా వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీద ఒక గీత గీసింది. మంచం ముందు గదిలో వేసుకుంది, వీధి గోల ఉన్నా. కుట్టు మిషను మాత్రం వెనక గది కిటికీ దగ్గర పెట్టుకుంది, గీతకి ఇవతల.

తరువాత నిచ్చెన వేసుకుని కిటికీ కొలిచింది. అంకె రాసుకుంది. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచింది. వేరే అంకె వచ్చింది. కింద వీధిలో ఎవరో ఎవరింటి తలుపో తట్టారు. లోర్నా టేపు పట్టుకునే ఊపిరి బిగబట్టింది. ఆ తట్టింది తన తలుపు కాదని తెలిసేదాకా కదల్లేదు. ఆ తరువాత, మొదటి నుంచి మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది.